పటంలో లేని వాగు

దేవకృప మారేడ్‌పల్లిలో ఒక చిన్న ఇంజినీరింగ్ ఆఫీసులో డ్రాయింగులు గీసేది. బాపట్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి ఏసురత్నం బడిపంతులు. ట్రేసింగ్ కాగితం మీద పని నేర్చుకున్న దేవకృప, ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాక వాటికీ అలవాటుపడింది. సర్వేవాళ్లు కొలిచిన ఎత్తులు ఇస్తే చాలు, సాఫ్ట్‌వేర్ బిందువులను త్రికోణాలుగా కలుపుకుని, నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు తనే గీసేసేది.

తొంభై తొమ్మిది వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ఏదో పనికి తాను గీసిన యాప్రాల్ లేఅవుట్ పాత ఫైలు తెరిచింది. అక్కడొక ఎండు వాగుంది. దాని గట్లను సర్వేవాళ్లు విడిగా గీతలుగా ఇచ్చారు. ఆ గీతలు దాటి త్రికోణాలు కట్టవద్దని సాఫ్ట్‌వేర్‌కు తాను చెప్పాలి. చెప్పలేదు. అది ఈ గట్టును ఆ గట్టుతో కలిపేసింది. వాగున్న చోట పటంలో చదును నేల కనబడుతోంది.

ఆమె గట్ల గీతలు చేర్చి మళ్లీ గీయించింది. కాంటూర్లన్నీ వాగు వెంట కోసుగా లోపలికి వంగాయి. వాగుకు అడ్డంగా, పాత పటం ప్రకారం ఇప్పటికే వేసిన రోడ్డు కట్ట ఉంది. పటంలో వాగు లేదు కాబట్టి కట్ట కింద నీళ్లు పోయే తూము పెట్టలేదు. దిగువన కూలీల గుడిసెలు. బయట వాన పొద్దుటి నుంచీ కురుస్తూనే ఉంది.

ఇంజినీరు జ్ఞానశేఖర్‌ను తన కంప్యూటర్ దగ్గరికి పిలుచుకొచ్చింది. తెర చూపించింది.

"సైటులో ఫోన్ లేదు. పదండి," అన్నాడాయన.

జీపులో ఆమె లోలోపల ప్రార్థన చేసుకుంటూనే ఉంది. మాటలు మధ్యలోనే తెగిపోతున్నాయి. ఎవరి పిల్లలు ఆ గుడిసెల్లో ఉన్నారోనన్న ఆలోచన ఒక్కటే మిగులుతోంది.

కట్టకు ఎగువన నీళ్లు చెరువులా నిలిచాయి. సూపర్‌వైజర్ పర్వతాలు గొడుగేసుకుని ఎదురొచ్చాడు.

"ఏం పరేషాన్ గాకు మేడం, కట్ట మంచిగనే ఉంది."

కట్ట అడుగున మట్టినీళ్లు ఊరడం ఆమె చూసింది. గుడిసెల వైపు పరుగెత్తింది. మొదటి గుడిసెలో శ్యామలమ్మ పొయ్యి ముందుంది.

"అన్నం ఉడుకుతుంది. జెర ఆగు."

"ఆగడానికి లేదమ్మా. కట్ట తెగుతుంది," అంటూ దేవకృప మూలన నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకుంది. శ్యామలమ్మ తిడుతూనే వెంటబడింది. తక్కిన గుడిసెలను జ్ఞానశేఖర్, పర్వతాలు ఖాళీ చేయించారు. అందరూ మిట్ట మీది సిమెంటు గోడౌన్ చేరాక, కట్ట నడుమ కొంచెంగా కుంగింది. ఆపైన ఒక్కసారిగా తెగింది. గుడిసెలు వరసగా కూలాయి. దేవకృప పిల్లతోసహా నేల మీద కూలబడింది.

తరువాత ఆఫీసులో ఆమెను తప్పుపడితే, పటం తానూ సరిచూడలేదని జ్ఞానశేఖర్ ఒప్పుకున్నాడు. ఆమె ఉద్యోగం పోలేదు. భయం కూడా పోలేదు. వాన పడితే ఆమె కంచం ముందు నుంచి లేచిపోయేది.

కొత్త గుడిసెలు లేచాక ఒకరోజు సైటుకి వెళ్లింది.

"కట్ట తెగుతదని నీకెట్ల ఎరుక?" అడిగింది శ్యామలమ్మ.

"పటం నేనే తప్పు గీశాను."

శ్యామలమ్మ వాగు వైపు చూసింది.

"మరి గిప్పుడు సక్కగ గీసినవా?"

"గీశాను."

"ఇంకోపారి సూస్కో," అని, పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్లిపోయింది.