తీసేశారని చెప్పడం

సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో నా స్నేహితుడు లెక్కలు చూసే చిన్న కంపెనీని నిరుడు మరో కంపెనీ కొనుక్కుంది. కొత్త యజమానులు అతని ఉద్యోగం అక్కర్లేదన్నారు. అయితే మర్యాదగా ఒక దారి కూడా చూపించారు: కావాలంటే మీరే రాజీనామా ఇవ్వండి, తీసేశామన్న మాట ఎక్కడా ఉండదు.

అతను ఆ మర్యాదకు లొంగిపోయాడు. పైగా జురాంగ్ ఈస్ట్‌లో ఉన్న మా తెలుగువాళ్లందరికీ అప్పటికే "నేనే మానేస్తున్నా" అని చెప్పుకున్నాడు. ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి రాజీనామా ఇస్తానన్నాడు.

జీతం ఒక పరిమితి దాటని పౌరులకు ఉద్యోగం పోతే ఇక్కడి ప్రభుత్వం కొన్ని నెలలు సాయం చేస్తుంది. అతను పౌరుడే, జీతం ఆ పరిమితిలోనే ఉంది. కానీ తమంతట తాము మానేసినవాళ్లకు అది రాదు. కంపెనీ ఎవరి చేతికి పోయినా ప్రశ్న ఒకటే: నువ్వు వదిలావా, వాళ్లు వదిలించుకున్నారా?

అతనింట్లో కాఫీ తాగుతూ అదే చెప్పాను.

"పాత యజమాని తీసేసినా బాగుండేదిరా. వీళ్లు నా మొహం కూడా చూళ్లేదు," అన్నాడు.

"మొహం చూడనివాళ్ల దగ్గర నీ పరువేం పోతుంది?"

"వాళ్ల దగ్గర కాదు. మనవాళ్ల దగ్గర."

వంటగదిలోంచి అతని భార్య అందుకుంది. "మనవాళ్లు ఫ్లాట్ లోన్ కడతారేమో కనుక్కోండి అన్నయ్యా."

శని పట్టి ఉద్యోగం పోయిందంటే మనం జాలిపడతాం. యజమాని మారడం వల్ల పోయిందంటే మాత్రం ఆ మనిషిలోనే ఏదో లోపం వెతుకుతాం. కులగౌరవాన్ని వదిలేశామని చెప్పుకునేవాళ్లం కూడా ఉద్యోగాన్ని దాని స్థానంలో కూర్చోబెట్టాం. అందుకే తప్పు చెయ్యనివాడు కూడా తప్పు దాచినట్టు మాట్లాడతాడు.

చివరికి అతను రాజీనామా ఇవ్వలేదు. కంపెనీయే తీసేసింది.

తరువాత ఒక పుట్టినరోజు విందులో ఎవరో అతన్ని అడిగారు: "మానేశారటగా బాస్, కొత్తది ఎక్కడ?"

"మానలేదండీ, తీసేశారు. సాయానికి అప్లై చేశా."

నా పక్కన తింటున్న పెద్దాయన పళ్లెం కింద పెట్టి, మెల్లగా నన్ను అడిగాడు.

"మా కంపెనీ అమ్మినప్పుడు నన్ను రాజీనామా ఇమ్మన్నారు. ఇచ్చేశాను. ఇప్పుడు నిజం చెబితే లెక్కలోకి తీసుకుంటారంటారా?"

నాకు తెలియదన్నాను. నా స్నేహితుడు తన కుర్చీ లాక్కుని వచ్చి, ఆయన పక్కన కూర్చున్నాడు.

"రేపు నేను ఆ సాయం ఇచ్చే ఆఫీసుకే వెళ్తున్నా అంకుల్. మీరూ రండి, అడుగుదాం."