ఖాళీ ఓడ టైము

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో తిరుపతిలోని ఒక చిన్న గేమ్ కంపెనీలో రూట్ల సలహాదారుగా చేరాను. అంతకు ముందు నా సర్వీసంతా రేణిగుంటలో, ఒక లారీ రవాణా సంస్థలో ట్రాఫిక్ మేనేజరుగా గడిచింది. ఏ బండి ఏ దారిన పోవాలో, ఎప్పటికి చేరాలో నిర్ణయించడం నా పని. ఇక్కడ మేం తయారుచేసే కంప్యూటర్ ఆటలో లారీలకు బదులు అంతరిక్ష ఓడలు. ఆటగాడు ఒక గ్రహం మీద పండ్లలాంటి సరుకు కొని, అది చెడిపోయేలోగా ఇంకో గ్రహం మీద అమ్ముకోవాలి.

ప్రయాణ కాలం లెక్కలు వేసింది మా డిజైనరు సుజాత, నగరి అమ్మాయి. ఓడలో ఎంత బరువుంటే వేగం అందుకోవడానికీ, ఆగడానికీ అంత ఆలస్యం. పెద్ద గ్రహాల పక్కగా పోయే అడ్డదారిలో మాటిమాటికీ వేగం తగ్గించాలి. చుట్టుదారి సాఫీగా పోతుంది. కాబట్టి ఖాళీ ఓడకు అడ్డదారి, నిండు ఓడకు చుట్టుదారి లాభం. భాకరాపేట ఘాట్‌లో లోడు బండ్లు నడిపించిన నాకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

మా పైన ప్రొడ్యూసరు ఉండేవాడు. ఈ రంగంలో ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు కాదు, పని చేయించే అధికారి. బరువును బట్టి తెర మీద టైము మారితే ఆటగాళ్లు తికమకపడతారని, ఆయన ఒక్కో దారికి మారని టైము ఒకటి రాయించాడు. అది మా ఆఫీసులో ఆటను ఆడి చూసే టెస్టర్లు కొలిచిన టైము. సరుకెక్కించడం విసుగని వాళ్లంతా ఖాళీ ఓడలతోనే తిరిగారు. సుజాత సమావేశంలోనే అడ్డు చెప్పింది.

"ఖాళీ ఓడ టైము చూపిచ్చి నిండు ఓడను పంపిస్తే సరుకు యాడ మిగుల్తాది సార్?" అంది. ఆయన వినలేదు.

గేమ్‌ను పరీక్షకని బయటి ఆటగాళ్లకు ఇచ్చాం. తెరను నమ్మి అడ్డదారి పట్టిన వాళ్ల పండ్లన్నీ దారిలోనే కుళ్లాయి. తిట్లు వచ్చిపడ్డాయి. ప్రొడ్యూసరు నేరుగా యజమానుల దగ్గరికి పోయి, తప్పంతా సుజాత లెక్కలదేనని చెప్పి వచ్చాడు. నెలాఖరుతో ఆమె కాంట్రాక్టు ఆపేస్తున్నామన్నాడు. ఆమె జీతం మీదే చెల్లెలి నర్సింగ్ చదువు నడుస్తోంది. నాకు ఒళ్లు మండింది.

ఆయన్ని కంప్యూటర్ ముందు తన కుర్చీలోనే కూర్చోబెట్టి, ఆటలో నిండు ఓడ చేతికిచ్చాను. "తెర సెప్పినట్టే పో అప్పా, సూస్తాం" అన్నాను. సగం దారిలో ఆయన పండ్లూ కుళ్లాయి. చుట్టుదారిన పంపితే చేరాయి. లెక్క సరైనదేనని ఒప్పుకుని, బరువుతో పాటు టైము మారేట్టు తెర సరిచేయమన్నాడు. మరి ఆ అమ్మాయి సంగతేమిటని అడిగితే, పైవాళ్లకు ఒకసారి చెప్పినాక మాట మారిస్తే బాగుండదన్నాడు. నేనే యజమానుల దగ్గరికి పోయాను. అది ప్రొడ్యూసరు పరిధి అన్నారు.

సుజాత వెళ్లిపోయింది. గేమ్ విడుదలైంది. బరువు చూసి దారి ఎంచుకోవడమే ఇందులో గొప్ప అని ఆడినవాళ్లు మెచ్చుకున్నారు. చివర్లో వచ్చే పేర్ల వరసలో ఆమె పేరు లేదు.

నాకు తెలిసొచ్చింది ఇది. ప్రయాణ కాలం ఎవరు చెప్పినా, ఎంత లోడుతో కొలిచారని అడగాలి. వద్దని ఎవరన్నారో, ఆ మాట కాదని ఎవరు చేయించారో ఆ రోజే పైవాళ్ల చెవిన వేయాలి. అది జరగని చోట వద్దన్న మనిషి ఇంటికి పోతుంది. చేయించినాయన ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉన్నాడు.