గ్లౌజు తియ్యకుండా కళ్ళకు అద్దుకోబోయాను

ఈ రోజు నా కళ్ళు నేనే పోగొట్టుకునేదాన్ని.

జర్మనీలో మా రీసెర్చ్ గ్రూపు ల్యాబు. మధ్యాహ్నం యాసిడ్‌తో పని చేస్తుంటే బల్ల మీది నోటుబుక్కు జారి కింద పడింది. చూసుకోక కాలు తగిలింది. ఠక్కున వంగి దాన్ని తాకి, ఆ చేతిని కళ్ళకు అద్దుకోబోయాను. చేతికి గ్లౌజు ఉంది, గ్లౌజుకు యాసిడ్ ఉంది! పక్కనున్న సీనియర్ లీనా కెవ్వున అరిచి నా మణికట్టు పట్టేసింది. కంటికీ వేళ్ళకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. గదిలో అందరూ కొయ్యబారిపోయారు.

ఇక్కడ ప్రమాదం తప్పినా ఫారం నింపాల్సిందే. "ఎందుకలా చేశారు?" అన్న గడి ముందు అరగంట కూర్చున్నాను. చివరికి "అలవాటు" అని ఒక్క మాట రాసిచ్చాను.

సాయంత్రం మా ఊరు లక్సెట్టిపేటకు ఫోన్ చేసి మా అవ్వకు, అదే అమ్మకు, చెప్పాను.

"కండ్లకేం గాలే గదా బిడ్డా?"

"ఏం గాలే అవ్వా. నడుమల్నే లీనా నా చెయ్యి పట్టుకున్నది."

అమ్మ మెల్లగా అడిగింది: "అయితే మొక్కనే లేదా?"

నాకు యాసిడ్ కంటే ఆ ప్రశ్నే పెద్ద షాక్. ఎందుకంటే మధ్యాహ్నం నుంచి నేనూ అదే ఆలోచిస్తున్నాను.

యాసిడ్ తుడిచేసిన ఆ నోటుబుక్కు ల్యాబులోనే ఉంది. రేపు అందరికంటే ముందు వెళ్తున్నాను, ఒట్టి చేతులతో. నవ్వేవాళ్ళు నవ్వండి గానీ, మీరైతే ఊరుకోగలరా?