ఎండిన బోర్ల మీద ఎల్లస్వామి ఏరియల్

నల్లగొండ పక్కన పానగల్ దాటి నాలుగు కిలోమీటర్లు పోతే వచ్చే ఆ ఊళ్లో పైన మూడడుగులు మట్టి, దాని కింద అంతా బండ. ఆ బండలో సందు దొరికి ఒక గునపం జారిపడితే అది భూమికి అవతలి పక్కన ఎవరి పెరట్లోనో తేలుతుందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. అది నమ్మినా నమ్మకపోయినా, బోరు బండి డ్రైవర్లు ఆ ఊరి పేరు వినగానే ఫోను కట్ చేస్తారన్న మాట మాత్రం నమ్మాలి. ఆ నేలను ఇప్పటివరకు ఒక్కసారి కూడా తిట్టనివాడు, పైగా మెచ్చుకున్నవాడు ఊరు మొత్తం మీద ఎల్లస్వామి ఒక్కడే.

ఎల్లస్వామికి నలభై రెండేళ్లు. నల్లగొండలో పాలిటెక్నిక్ రెండో ఏడాది దాకా చదివాడు. తన ప్రశ్నలకు జవాబు చెప్పలేక లెక్కల సారు చిక్కిపోతున్నాడని జాలిపడి మానేశానంటాడు. ఊరి మొదట్లో రేకుల షెడ్డు వేసుకొని కాలిపోయిన బోరు మోటర్లకు కొత్త రాగితీగ చుట్టడం అతని పని. ఆ షెడ్డు వెనక గదిలో, పాత ఇన్వర్టర్ల పొట్టలు చీల్చి చేసుకున్న రేడియో సెట్టు ఒకటి ఉంది. కాలేజీ పరీక్షలకు ఎగనామం పెట్టినవాడు, హామ్ రేడియో లైసెన్సు పరీక్షకు మాత్రం హైదరాబాదు పోయి రాసి ఒకే దెబ్బకు పాసయ్యాడు. ఆ లైసెన్సు ఉంటే సెల్లు ఫోనూ టవరూ లేకుండా, సొంత సెట్టుతోనే తనలాంటి పిచ్చివాళ్లతో మాట్లాడుకోవచ్చు. అందుకు సర్కారు అతనికి ఆరక్షరాల గుర్తుపేరు ఒకటి ఇచ్చింది.

ఆ పిచ్చివాళ్లలో ముఖ్యుడు కొల్లాపూర్ జానీ. పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైనవాడు. ఇద్దరూ ఎదురుపడింది రెండుసార్లే గాని, గాలిలో తొమ్మిదేళ్ల స్నేహం.

మామూలు రేడియో మాటలు పాతబడ్డాక ఎల్లస్వామి కన్ను లైసెన్సులో ఉన్న అట్టడుగు ఫ్రీక్వెన్సీ మీద పడింది. అక్కడ ఒక్కొక్క తరంగం పొడవు రెండు కిలోమీటర్ల పైమాట. దానికి తగ్గ ఏరియల్ నిలబెట్టాలంటే నల్లగొండ గుట్ట మీద ఇంకో గుట్ట పెట్టాలి. అప్పుడతను ఒక సంగతి చదివాడు. ఏరియల్‌ను పైకి లేపకుండా నేలనే ఏరియల్ చేయవచ్చు. దూరదూరంగా రెండు ఇనుప కడ్డీలు లోతుగా దించి, వాటిని నేల మీద పరిచిన వైరుతో కలిపి, మధ్యలో సెట్టు పెట్టాలి. ఒక కడ్డీలో దిగిన కరెంటు నేలలోంచి తిరిగి రెండో కడ్డీకి చేరుతుంది. నేల తడిగా ఉంటే పైపైనే అడ్డదారి పట్టి పోతుంది. ఎండు బండ అయితే దారి దొరకక లోతుకు దిగి, పెద్ద చుట్టు తిరిగి వస్తుంది. చుట్టు ఎంత పెద్దదైతే ఏరియల్ అంత మంచిది.

మోటరు చుట్టేవాడికి చుట్టు సంగతి ఇంకొకరు చెప్పనక్కర లేదు. చదివిన కాగితం కింద పెట్టి, షెడ్డు బయటికి వచ్చి ఊరి చుట్టూ చూశాడు. అంత ఎండు బండ, అంత పనికిరాని నేల, ప్రపంచంలో ఇంకెక్కడ ఉంటుంది?

"మన ఊరు బంగారమే," అన్నాడు భార్య కరుణతో.

"గా బంగారంల నుంచి రెండు బిందెలు తెచ్చిపెట్టు. నల్లా వస్తలేదు," అంది ఆమె.

పది రోజులు ఎల్లస్వామి రాడ్లు, సుత్తె, మీటరు పట్టుకొని మెట్ట చెలకల వెంట తిరిగాడు. రాడ్డు మూడడుగులు దిగగానే బండ తగిలేది. మీటరులో ముల్లు కదిలేది కాదు. పదకొండో రోజు గుర్వమ్మ చెలక గట్టు మీద కూర్చొని చెమట తుడుచుకుంటుంటే ఎదురుగా ఎండిపోయిన బోరు కనపడింది. పైకి కనపడేది మూరెడే గాని, ఆ ఇనుప కేసింగు పైపు నలభై అడుగులు నేలలోనే ఉంది.

గుర్వమ్మకు ముప్పై గొర్రెలు, తాటిమట్టలా సన్నగా పొడుగ్గా సాగిన ఆరెకరాల చెలక. భర్త పోయాక కూడా ఆశ పోక, మొత్తం ఆరు బోర్లు వేసి చెలకను పిల్లనగ్రోవి చేసి పెట్టింది. ఆరింటిలోనూ దుమ్మే. మొదటి బోరుకూ ఆఖరి బోరుకూ మధ్య మూడు వందల మీటర్లు. ఎల్లస్వామి దిక్సూచి పెట్టి రెండుసార్లు చూశాడు. ఆ రెండింటినీ కలిపే గీత సరిగ్గా నైరుతికి, అంటే కొల్లాపూర్ వైపే ఉంది. ఇలాంటి ఏరియల్ తన గీత పోయే వైపే బాగా పలుకుతుంది.

సాయంత్రం గొర్రెలు తోలుకొస్తున్న ఆమెను ఆపాడు.

"పెద్దమ్మా, నీ రెండు ఎండిన బోర్లు నాకు జర వాడుకోనిస్తవా?"

"నీళ్ల పాయింట్ దొరికిందా?" అంది గుర్వమ్మ.

"నీళ్ల కోసం కాదే. రేడియో కోసం."

"గదే, రేడియోల సూసి నీళ్లు ఏడున్నయో చెప్తవు గద. అప్పట్ల పట్నం నుంచి ఒక సారు వచ్చిండు. గాయన గూడ గిట్లనే రాడ్లు దిగ్గొట్టి, వైరు గుంజి, డబ్బల సూసిండు."

"ఆయన చెప్పినకాడ పడ్డయా నీళ్లు?"

"పడలే. గాయన అరగంట సూసిండు. నువ్వు పది రోజుల సంది సూస్తున్నవు. నీకు ఎక్కువ తెలుస్తది."

"పెద్దమ్మా, నీళ్లు లేవు కాబట్టే నాకు నీ బోర్లు కావాలె. నీళ్లుంటే నాకు పనికిరావు."

గుర్వమ్మ అతని ముఖంలోకి చూసి నవ్వింది. పాయింటు చెప్పేవాళ్లు ముందుగా ఇలాగే అంటారని ఆమెకు తెలుసు. "దసరా దాక వాడుకో. పండుగ అయినంక గా రెండు పైపులు గుంజి కొత్త బోరుకు ఏసుకుంట. నువ్వు చెప్పినకాడనే ఏస్త."

అట్లా గడువు పడింది. దసరాలోగా తన ఆరక్షరాల పేరు నేలలోంచి కొల్లాపూర్ చేరాలి. జానీకి ఒక నియమం ఉంది. ఆరింటిలో ఐదొచ్చినా, అందిన పిలుపులు రాసుకునే తన పుస్తకంలో రాయడు.

కాలిపోయిన మోటర్ల కేబులు ముక్కలన్నీ అతికించి ఎల్లస్వామి చెలక పొడుగునా వైరు పరిచాడు. గొర్రెలు తగిలితే షాకు కొడుతుందని రెండు బోర్ల చుట్టూ కంప కొట్టాడు. ఎండిపోయిన బోరుకు కంచె ఏమిటని ఊళ్లో గుసగుస మొదలైంది. లోపల నీళ్లు కనపడ్డాయని, ఎల్లస్వామి దాస్తున్నాడని తేల్చేశారు.

మొదటి ఆదివారం పొద్దున ఏడు గంటలకు సెట్టు పెట్టాడు. ఈ అట్టడుగు తరంగాలకు తొందర పనికిరాదు. మాటలు పోవు, మోర్సు చుక్కలూ గీతలే పోతాయి. ఒక చుక్కకు పది సెకండ్లు, ఒక గీతకు ముప్పై. గుర్వమ్మ పక్కన కూర్చొని చూసింది. ఒక గొర్రెకు కాలి డెక్కలో ముల్లు తీసింది, ఇంకోదానికి పసుపు రాసింది, చద్ది తిని చేయి కడుక్కుంది.

"ఏం చెప్తున్నవురా ఇంతసేపు?"

"నా పేరు."

"పేరే గింతసేపైతే, మంచిచెడ్డ అరుసుకునేసరికి ఆడ ఆయన ముసలోడైతడు."

"ఇప్పటికే ముసలోడు పెద్దమ్మా. ఫికర్ లేదు."

ఫోను మోగింది. అవతల జానీ, కంప్యూటరు తెర ముందు. ఆ నిదానపు సిగ్నలు తెర మీద గీతలుగా కనపడుతుంది.

"ఎల్లస్వామీ, ఏందో వస్తాంది. జీలకర్ర గింజ లెక్క సన్నగ ఉన్నది. రెండక్షరాలు దొరికినయి, తర్వాత పిడుగుల చప్పుడు కమ్మేసింది."

నూట నలభై కిలోమీటర్లు. గుర్వమ్మ దుమ్ము బోరులోంచి బయల్దేరి రెండక్షరాలు కొల్లాపూర్ చేరాయి. ఎల్లస్వామి ఆ రోజంతా ఎవరితోనూ గొప్పలు చెప్పలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కరుణ నుదురు ముట్టుకొని చూసింది.

మరుసటి ఆదివారం మూడక్షరాలు. ఆపై వారం నాలుగు. జూలై ఆఖరుకు ఐదు. "ఇంకొక్కటి తే," అన్నాడు జానీ, "పెన్ను మూత తీసి కూసున్న."

ఆగస్టులో వానలు మొదలయ్యాయి. ఎన్నో ఏళ్లుగా చూడని వానలు. మూడు వారాలు సెట్టు బయట పెట్టే వీలే లేకపోయింది. వెలిసిన తర్వాత ఎల్లస్వామి వైరు సరిచేసుకొని మీటరు చూస్తే, ఏరియల్‌లోకి పోయే కరెంటు రెండింతలైంది. మనసులో ఈల వేశాడు. ఆరో అక్షరమేమిటి, ఇంటిపేరు కూడా కొల్లాపూర్ చేరుతుందనుకున్నాడు.

జానీ ఫోను చేశాడు. "పెట్టినవా లేదా?"

"పెట్టి అరగంటైంది. కరెంటు డబుల్ పోతాంది."

"ఈడ సున్న. జీలకర్ర గూడ లేదు."

రెండు రోజులు కేబులు అతుకులన్నీ విప్పి చూశాడు. సెట్టును పొట్ట విప్పి మళ్లీ కుట్టాడు. ఎక్కడా తప్పు లేదు. కరెంటు ఎక్కువ పోతుంది, సిగ్నలు తక్కువ వస్తుంది. లోపలికి పోయింది ఎటు పోతున్నట్టు? మూడో రోజు మొదటి బోరు పక్కన గొంతుక్కూర్చున్నప్పుడు, తాను చదివిందే తనకు గుర్తొచ్చింది. తడి దొరికితే కరెంటు అడ్డదారి పడుతుంది. పై మట్టి తడి ఇంత పని చేయదు. అడ్డదారి కింద ఎక్కడో పడింది.

బోరు మూత తీసి గులకరాయి ఒకటి వదిలాడు. ఎప్పుడూ టకటకమని పోయి పోయి ఆగిపోయే రాయి, ఈసారి నాలుగు లెక్కపెట్టే లోపలే గుబుక్కుమంది.

అతను మూత పెట్టేసి అట్లాగే కూర్చున్నాడు. గుర్వమ్మకు తెలియదు. ఎండిన బోరులోకి ఎవరు తొంగి చూస్తారు? దసరా ఇంకా నెల ఉంది. నెల వానలు ఆగితే నీళ్లు దిగవచ్చు, ఆరో అక్షరం కొల్లాపూర్ చేరవచ్చు. చెప్తే రేపే మోటరు దించుతుంది. ఆ మోటరుకు వైండింగు చుట్టేదీ తనే. గట్టుకవతల గుర్వమ్మ గొర్రెలను అదిలిస్తున్న గొంతు వినపడింది. ఎల్లస్వామి మనసులో ఆరో అక్షరాన్ని ఒకసారి కొట్టుకున్నాడు, గీతకు ముప్పై సెకండ్ల లెక్కనే. అది పూర్తయ్యాక లేచాడు.

"పెద్దమ్మా, గిటు రా."

ఆమె చేతికి గులకరాయి ఇచ్చాడు. గుర్వమ్మ వేసింది. విన్నది. ఇంకోటి అడిగింది. ఏడు రాళ్లు వేసింది. చివరికి అంది: "నీళ్లు లేవు లేవు అన్నవు గదరా."

"అప్పుడు లేవు. వానలకు వచ్చినయి. నాదేం లేదు."

"సరే తీ. నీ వైరు చుట్టుకో, మోటరు దించాలె."

వారం తిరగకముందే ఆ బోరు రెండించుల ధార పోసింది. ఎల్లస్వామి వైరు చుట్టలు చుట్టి షెడ్డులో పడేశాడు. పడేసిన తెల్లారి, గుట్టకు దగ్గరగా చెలక ఉన్న గుర్వమ్మ మరిది చెన్నయ్య షెడ్డు ముందు నిలబడ్డాడు.

"ఎల్లసామీ, నాయి నాలుగు బోర్లున్నయి. నీ వైరు గా బోర్లకు కట్టు."

"చెన్నయ్య బాబాయ్, ముందే చెప్తున్న. వైరు కడితే నీళ్లు రావు."

"మా వదినెకు గూడ గట్లనే చెప్పినవట."

"వాన పడ్డది బాబాయ్, అందుకు..."

"వాన నా చెలకల గూడ పడ్డది. వైరే పడలే."

లోపలినుంచి కరుణ నవ్వు వినపడింది. ఎల్లస్వామి దిక్సూచి తీసుకొని పోయాడు. చెన్నయ్య బోర్లలో ఒక జత నైరుతికే ఉంది. గుట్ట వాలు కాబట్టి పడ్డ వాన పడ్డట్టే జారిపోయింది. కింద బండ ఎముకలా ఎండి ఉంది.

దసరా తెల్లారి వచ్చిన ఆదివారం, పిడుగులు లేని పొద్దున, జానీ ఫోను చేసి ఆరక్షరాలూ ఒక్కొక్కటే చదివాడు. "రాసిన," అన్నాడు. "నీలి ఇంకుతోని."

చెన్నయ్య ఇప్పటికీ రోజూ పొద్దున్నే పోయి బోరులో రాయి వేసి చెవి పెడతాడు. అది టకటకమంటూ పోయి ఎక్కడో ఆగిపోతుంది. అప్పుడు లేచి, సెట్టు ముందు కూర్చున్న ఎల్లస్వామి భుజం మీద చెయ్యి వేస్తాడు.

"పరేషాన్ గాకు బిడ్డా. నువ్వు కొట్టుకుంట ఉండు. వస్తయి."