రత్నం అద్దానికి పెట్టిన చిల్లు

తెనాలిలో ఉత్త రత్నం అంటే ఎవరికీ తెలియదు గానీ, అద్దాల రత్నమ్మగారంటే ఆటోవాళ్ళు అడక్కుండానే కొట్టు ముందు దింపుతారు. ఆమె పుట్టింది రేపల్లెలో. నాన్న పటాలు కట్టేవాడు. చిన్నప్పుడు రేపల్లె పాసింజరులో నాన్న గోనెపట్టాల మధ్య వరిగడ్డి దూర్చి అద్దాలు నిలబెడితే, అవి ఒరిగిపోకుండా ఈ పిల్ల మోకాళ్ళతో అదిమిపట్టుకుని కూర్చునేది. తోటిపిల్లలు కిటికీలకు వేళ్ళాడుతుంటే ఈవిడగారు అద్దాలకు కాపలా అన్నమాట.

కొయ్యడం కూడా నాన్నే నేర్పాడు. “ఊపిరి బిగబట్టి ఒక్క గీత గియ్యాలమ్మా. మధ్యలో చెయ్యి వణికిందా, అద్దానికి తెలిసిపోద్ది” అనేవాడు. ఆ మాట ఆమె ఒంటికి పట్టేసింది. పెళ్ళయి తెనాలి వచ్చి సొంతంగా కొట్టు పెట్టాక, ఎంత పెద్ద అద్దమైనా ఒక్క గీత, ఒక్క తట్టు, రెండు ముక్కలు. పనిమీద వచ్చినవాళ్ళు పని మర్చిపోయి చూస్తూ నిలబడేవాళ్ళు.

అలాంటి చెయ్యి రెండేళ్ళ కిందట వణకడం మొదలుపెట్టింది. నరాల డాక్టరు మాత్రలు రాశాడు గానీ తగ్గుతుందని మాత్రం అనలేదు. రత్నం అద్దం కోసే కలాన్ని సొరుగులో పడేసింది. కొట్లో పనివాళ్ళు అల్యూమినియం కిటికీలు బిగిస్తుంటే, కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని కుర్చీలో కూర్చునేది. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన భర్త శాలేమురాజు ఆ చెయ్యి గురించి ఒక్క మాటా అడగలేదు. కాకపోతే అప్పటినుంచీ ఆమె గ్లాసులో కాఫీ సగమే పోసేవాడు, ఒలక్కుండా. ఆ సగం గ్లాసు చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది, వెంటనే ఏడుపూ వచ్చేది. అయినా ఆ సగమే తాగి లేచేది.

మాస్టారికి చేపల పిచ్చి. హాల్లో మంచమంత గాజుతొట్టి ఉంది. ఒక బట్టలకొట్టు షోకేసు అద్దాన్ని కోసి, చెయ్యి బాగున్న రోజుల్లో రత్నమే అతికించి ఇచ్చింది. ఆమె చేసిన ఆఖరి పెద్ద పని అదే. అందులో వేలెడంత ఉన్నప్పుడు వేసిన రెండు ఆస్కార్ చేపలు ఇప్పుడు పళ్ళేలంతయ్యాయి. తిండికి తగ్గట్టే మురికి. నీళ్ళు మార్చడానికి బకెట్లు మోసి మోసి మాస్టారి నడుం పట్టేసింది.

ఇద్దరూ బాపట్ల వెళ్తే, అక్కడ చేపల కొట్టు నడిపే జెన్నిఫర్ ఉపాయం చెప్పింది. తొట్టి వెనక అద్దానికి పైఅంచు దగ్గర చిల్లు పెట్టాలి. నిండిన నీళ్ళు ఆ చిల్లులోంచి గొట్టం గుండా కింద అరలో పెట్టిన రెండో తొట్టిలోకి దిగుతాయి. అక్కడ స్పాంజిలోంచి, రాళ్ళలోంచి వడకట్టుకుని, మోటారుతో మళ్ళీ పైకెక్కుతాయి.

“పైన ఎప్పుడూ నిండుగానే ఉంటాయి ఆంటీ, బొట్టు ఒలకదు. చిల్లు పెట్టేసిన కొత్త తొట్టి నేనిస్తాలెండి. పాతదాని జోలికెళ్తే పగులుద్ది.”

“నేను కోసిన అద్దానికి చిల్లు నేనే పెడతా. అద్దాన్ని గుండ్రంగా కోసే ఆ డ్రిల్లు బిట్టేదో ఇవ్వమ్మా” అంది రత్నం.

మాస్టారు బిత్తరపోయాడు. గట్టిపరిచిన అద్దమైతే చిల్లు పెట్టగానే పొడైపోతుంది. ఇది తన గీతకు లొంగిన మామూలు అద్దమని రత్నానికి తెలుసు. తెలియనిదల్లా తన చెయ్యి సంగతే. పగిలిందంటే ఇంకో తొట్టి చెయ్యలేదు, ఇంకెప్పుడూ అద్దం ముట్టుకోదు. బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్ళో బిట్టు పెట్టుకుని ఆమె ఇదే ఆలోచించింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే పని మొదలైంది. చేపలు పెరట్లో డ్రమ్ములోకి వెళ్ళాయి. ఖాళీ తొట్టిని దుప్పట్ల మీద బోర్లా పడుకోబెట్టారు, వెనక అద్దం పైకొచ్చేలా. తెగిన బిళ్ళ పడి ముందరి అద్దానికి దెబ్బ తగలకుండా లోపల బొంత పరిచారు. బిట్టు జారిపోకుండా చిల్లున్న చెక్క ఒకటి అద్దానికి బిగించి, చుట్టూ చపాతీపిండితో గట్టు కట్టారు. బిట్టు వేడెక్కకుండా మాస్టారు అందులో చెంబుతో నీళ్ళు పోశాడు.

రత్నం ఊపిరి బిగబట్టింది. రెండు చేతులా డ్రిల్లు మిషన్ని బిగించి, కదలకుండా అదిమింది. బిట్టు కీచుమంటూ అరిచింది. ఆ అరుపుకి ఆమె మిషను ఎత్తేసింది.

“ఆపేద్దామా, రత్నం?”

“మీరు నీళ్ళు పొయ్యండి.”

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే అరుపు. వణుకును అణచడంతోనే భుజాలు పీకేశాయి. మూడోసారికి అణిచే ఓపిక లేదు. ఊపిరి వదిలేసింది, చెయ్యి వణుకుతానంటే వణకనిచ్చింది. మిషను తన బరువుతో తాను కూర్చుంది. ఆ వణుక్కి బిట్టు చెక్కలో రవ్వంత అటూ ఇటూ ఊగింది. ఊగిన ప్రతిసారీ అడుక్కి నీళ్ళు వెళ్ళాయి. కీచు తగ్గి గురకలాంటి మెత్తని చప్పుడైంది. బిట్టు చుట్టూ నీళ్ళు తెల్లగా, బియ్యం కడుగులా మారాయి. ఆ తెలుపంతా అద్దమే!

“ఏవండీ,” అంది రత్నం, గుళ్ళో మాట్లాడినట్టు, “తెగతా ఉందండీ.”

ఇన్నేళ్ళూ చెయ్యి కదలకపోతేనే అద్దం మాట వింటుందనుకుంది. ఈ అద్దం వణికే చేతి మాట వింటోంది. బిళ్ళ బొంత మీద పడింది. చిల్లు అంచున వేలితో తడిమి చూసుకుంది, ఒక్క పెచ్చు లేదు. మొదటిది మూసుకుపోతే అక్కరకొస్తుందని పక్కనే రెండోది పెట్టేటప్పుడు మాస్టారికి జోకులు కూడా చెప్పింది.

చిల్లులకు రబ్బరు వాషర్లతో, గొట్టం తగిలించే ట్యాంకు నిపిళ్ళు బిగించి, గొట్టాలు దింపారు. మోటారు ఆగితే పైకెళ్ళే గొట్టమే నీళ్ళను వెనక్కి లాగేస్తుందట. అలా లాగకుండా, ఆ గొట్టానికి నీటిమట్టం కాస్త కింద చిన్న బెజ్జం వేశారు. మట్టం అక్కడికి దిగగానే గాలి జొరబడి లాగుడు తెగిపోవాలి. ఈలోగా దిగొచ్చే నీళ్ళకు కింది తొట్టిలో కొంత జాగా వదిలారు.

చేపలు తిరిగొచ్చాయి, నీళ్ళు తిరగడం మొదలుపెట్టాయి. భార్యాభర్తలిద్దరూ టిఫిన్ కూడా మర్చిపోయి చూస్తుంటే, రివాజు ప్రకారం కరెంటు పోయింది. మాస్టారు గుడ్డ కోసం పరిగెత్తాడు. కింది తొట్టిలో నీళ్ళు గబగబా పెరుగుతున్నాయి. పైన మట్టం దిగుతోంది. గొట్టం గుటుక్కుమంది. అంతే. పైన నీళ్ళు చిల్లుల అంచు దగ్గర నిలబడిపోయాయి, కింద ఇంకా నాలుగు వేళ్ళ జాగా ఉంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ ఆపకుండా.

లెక్కలు చెప్పిన మనిషి చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయాడు. “ఎంత చిత్రమే రత్నం” అన్నాడు. కళ్ళు చేపల మీద లేవు, ఆమె చేతి మీద ఉన్నాయి.

కరెంటు వచ్చాక కాఫీ కలిపాడు. ఆ గుడ్డతోనే గిన్నె పట్టుకుని, ఎప్పట్లా ఆమె గ్లాసులో సగం పోసి ఆగాడు. రత్నం కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి ముందుకు చాపింది.

“నిండా పొయ్యండి.”

“ఒలుకుద్దే.”

“ఒలకనివ్వండి. గుడ్డ మీ చేతిలోనే ఉందిగా.”

ఆయన అంచుదాకా పోశాడు.