గూట్లో గ్లాసు

పరాయి దేశంలో అందరినీ ఒక్కతీరుగా చూస్తారని నమ్మి ఇంగ్లండు పోయిన మూర్ఖుణ్ణి నేను. చలిలో నేనూ నా భార్యా గది కోసం తిరిగితే, మా రంగు చూసి తలుపులు మూసుకున్నారు. చివరికి ఒక ముసలామె గది ఇచ్చింది. మా కప్పులు మాత్రం వేరుగా కిటికీలో పెట్టింది.

నా భార్య ఏడుస్తూ అడిగింది: "మనింట్ల గూట్ల ఉన్న గ్లాసు యాదికొస్తలేదా?"

ఆ గ్లాసు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే నా ముస్లిం దోస్తుది. అతడు తెచ్చిన చక్కెర మా డబ్బాలోకి పోయేది, అతడు తాగిన గ్లాసు గూట్లోకి పోయేది.

సెలవుల్లో కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వస్తే దోస్తు చూడవచ్చాడు. అవ్వ గూట్లోంచి అదే గ్లాసు తీసి చాయ్ పోసింది.

"అందరికి ఒక్కతీరు గ్లాసులనే పోద్దాం అత్తమ్మా," అంది నా భార్య.

"దేశాలు తిరిగొచ్చి నాకే నేర్పుతున్నవా? ఆడిదానివి, ఆడిదాని లెక్కుండు."

"ఆదతే భాబీ, అలవాటైపోయింది, ఏంగాదు," అని దోస్తు నవ్వాడు.

ఆ నవ్వు నన్ను చంపేసింది. గ్లాసు లాక్కుని చాయంతా తాగేశాను.

"అయ్యో, గది సాయిబు గ్లాసురా!" అని అరిచింది అవ్వ.

సెలవులు అయిపోయేదాకా అందులోనే తాగాను. గ్లాసును వంటింట్లోకి తేవాలో, కొడుకును గూట్లో పెట్టాలో అవ్వకు తోచలేదు.