కాంటా చూసినవా?

ఇది నిజంగా జరిగింది. నమ్మరని తెలుసు... అందుకే ముందు నా తప్పు ఒప్పుకుంటాను. అబద్ధాలు చెప్పేవాడు తన పరువు తానే తీసుకునే కథ చెప్పడు కదా.

బాన్సువాడలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబు. నేను అందులో టెక్నీషియన్ని. మా సార్ నాకు ఇంకో పదవి కూడా ఇచ్చాడు. క్వాలిటీ మేనేజర్. జీతం పెరగలేదు, గోడ మీద పేరు మాత్రం పడింది.

క్వాలిటీ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఫ్రిజ్‌లో ఒక చిన్న సీసా ఉంటుంది. కంట్రోల్ అంటాం. అందులో షుగర్ ఎంతుందో దాంతో వచ్చిన కాగితం మీదే అచ్చయి ఉంటుంది. మా సీసాది తొంభై ఎనిమిది. రోజూ పొద్దున, మొదటి మనిషి రక్తం ముట్టకముందే ఆ సీసాలోది కొంచెం మిషన్లో పెట్టాలి. తొంభై ఎనిమిదికి అటూ ఇటూగా వస్తే మిషన్ బాగున్నట్టు. రాకపోతే సరిచేసేదాకా ఎవరి రక్తమూ తీయకూడదు. వచ్చిన అంకె రిజిస్టర్లో రాయాలి. అంతే.

మొదట్లో నేను అందులో సగం చేశాను. సీసా తెరవకుండా అంకె రాశాను. ఏం చేయను... ఫస్ట్ బస్సుకే పరగడుపున దిగిన జనం కౌంటర్ మీద పడి కేకలేస్తుంటే సీసా ఎవడికి గుర్తుంటుంది? కొన్నాళ్ళకు ఆ రాయడం కూడా మానేశాను.

ఈ సంగతి జరగడానికి వారం ముందు మిషన్లో పరీక్షకు వాడే కొత్త మందు సీసా పెట్టాను. అప్పుడైనా సరిచూడాలి. చూడలేదు. ఇక ఆ వారమంతా బాన్సువాడలో ఎవరిని చూసినా షుగరే. బస్టాండు దగ్గర మిఠాయి దుకాణమాయన నన్ను ఆపి, "ఏం చేస్తున్నవ్ తమ్మీ, నా జిలేబీలు మిగిలిపోతున్నయి" అన్నాడు. ఈ కాలం జనానికి ఒంటి మీద శ్రద్ధ లేదని ఆయనకు ఉపన్యాసం ఇచ్చి మరీ వచ్చాను. సిగ్గు లేకపోతే సరి.

ఆ వారంలోనే జమునక్క రక్తం కూడా చూశాను. మా ల్యాబు ఊడ్చేదీ, టీ పెట్టేదీ ఆమే. పక్క తండా నుంచి ఆటోలో వస్తుంది. పరగడుపున షుగర్ నూట ముప్పై ఆరు. డాక్టరు గోలీలు రాశాడు. ఆ రోజు నుంచి అన్నం మానేసింది పాపం. మా అందరి టీలో చక్కెర కూడా మానేసింది. "నేను తాగంది మీకెందుకు?" అంది. నాలుగు రోజులు కషాయం తాగాం.

నాలుగో రోజు సాయంత్రం చీపురు పట్టుకుని గోడకానుకుని కూర్చుంది. "కండ్లు తిరుగుతున్నయి తమ్మీ" అంది. "షుగర్‌కు అట్లనే ఉంటది అక్క, అలవాటైతది" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

సరే... అసలు రాత్రికి వస్తాను.

ఆ సాయంత్రమే, జమునక్క ఆఖరి ఆటో ఎక్కింది. సార్ ఫోన్ చేసి, "పొద్దున తనిఖీకి వస్తుండ్రట. రిజిస్టర్ మంచిగున్నది కదా?" అన్నాడు. "మస్తున్నది సార్" అన్నాను. ఫోన్ పెట్టేసి రిజిస్టర్ తెరిచాను... ఆరు నెలలు ఖాళీ.

షట్టరు దించి లోపలి నుంచి తాళం వేసుకున్నాను. ఆ షట్టరు సంగతి చెప్పాలి. జానెడు ఎత్తినా బస్టాండుదాకా వినబడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

నాలుగు పెన్నులు ముందేసుకుని మొదలుపెట్టాను. తొంభై ఏడు. తొంభై తొమ్మిది. తొంభై ఎనిమిది. కొన్ని రోజులు ఎడమచేత్తో రాశాను. వాడిన పుస్తకంలా కనబడాలని రెండు పేజీల మీద చక్కెర లేని టీ ఒలకబోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో నెలలో ఉండగా... కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఒక్క లైటు, మిషన్. ఫ్రిజ్ గురగుర ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే నా పెన్ను గీత నాకే వినబడుతోంది.

అప్పుడు... కిర్ర్...

పేషెంట్లు కూర్చునే రేకు బెంచీ. ఎవరైనా కూర్చుంటేనే ఆ చప్పుడు చేస్తుంది.

తలెత్తాను. ఒక ముసలాయన. తెల్ల ధోవతి, తలకు రుమాలు, ఒడిలో ఒక మూట. అప్పుడే కల్లం నుంచి వచ్చినట్టు వడ్ల దుమ్ము వాసన. కోతల రోజులు కదా, ఊరంతా ఆ వాసనే. అందుకని నాకేం అనిపించలేదు. షట్టరు వేయడం మర్చిపోయాననుకున్నాను.

"షుగర్ చూడు బిడ్డ" అన్నాడు.

"పొద్దున రా తాత. పరగడుపున చూడాలె."

"పరగడుపే."

"ఎప్పుడు తిన్నవ్?"

కాసేపు ఆలోచించాడు. "యాదికి లేదు. చానా దినాలాయె."

నేను నవ్వాను. అప్పుడు నవ్వాను... ఇప్పుడైతే నవ్వు రాదు. పంపిస్తే పోయేలా లేడని చేయి పట్టుకుని రక్తం తీశాను. ఎండాకాలం, ఫ్యాన్ లేదు, నాకు చెమటలు కారుతున్నాయి. ఆయన చేయి మాత్రం కాలువ నీళ్ళలోంచి తీసినట్టు చల్లగా ఉంది. మిషన్ గుయ్యిమంది. అంకె వచ్చింది.

"నూట నలభై. షుగరున్నది తాత."

"కాదు" అన్నాడు మెల్లగా. "నాకు తొంబై ఎనిమిది. ఎప్పుడైనా గంతే."

నా చేతిలో పెన్ను ఆగింది. అప్పటిదాకా నేను రాస్తున్న అంకె... అదే.

"ఎవరు చెప్పిండ్రు తాత?"

"ఎవరు చెప్పాలె? నా రక్తం నాకెరుక లేదా?"

"మిషన్ అబద్ధం చెప్తదా మరి?"

ఆయన ఒడిలో మూట విప్పాడు. తొందరేం లేదు... ఒక ముడి... ఇంకో ముడి. లోపల నున్నటి నల్లరాయి. రెండు చేతులతో ఎత్తి తెచ్చి నా రిజిస్టర్ మీద పెట్టాడు. ధబ్.

"ఇది అయిదు కిలోలు. వడ్లు అమ్మబోతే ముందుగాల దీన్ని కాంటా మీద పెడ్త. అయిదు చూపిస్తేనే నా బస్తా ఎక్కుతది. లేకుంటే బండి ఎనుకకు మర్లేస్త." నా కళ్ళల్లోకి చూశాడు. "నువ్వు కాంటా చూసినవా?"

ఎడమచేత్తో రాసిన పేజీలు ఆ రాయి కిందే ఉన్నాయి.

లేచాను. ఫ్రిజ్ తెరిచాను. సీసా... సీలు కూడా తీయలేదు. సీలు చింపి, మూత తిప్పి, కాస్త మిషన్లో పెట్టి నిలబడ్డాను. గుయ్య్... ఎప్పుడూ ఇంతసేపు పట్టదు. గుయ్య్...

నూట నలభై.

తొంభై ఎనిమిది రావలసిన సీసా. నలభై రెండు ఎక్కువ. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "జమునక్క". నూట ముప్పై ఆరులోంచి నలభై రెండు తీసేయండి... ఆమెకు షుగరే లేదు. తిండి మానేసి, అక్కర్లేని గోలీ మింగి, కళ్ళు తిరిగి పడబోయింది.

"తాత..." అని వెనక్కి తిరిగాను.

బెంచీ ఖాళీ. కిర్రుమనలేదు. షట్టరు దించే ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

నిజం చెప్పాలంటే భయపడే తీరిక దొరకలేదు. ఫోన్ తీసి జమునక్కకు కలిపాను. మోగుతోంది... మోగుతోంది... ఎత్తదు. ఆ రెండు నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు.

"ఎవడు సచ్చిండని ఇప్పుడు ఫోను?" అంది చివరికి. ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో.

"అక్క, రేపటి సంది గోలీ మింగకు. నీకు షుగర్ లేదు. మిషన్ తప్పు... మిషన్ది కాదు, తప్పు నాది. డాక్టర్‌తోని నేనే మాట్లాడ్త."

"అంటే నాలుగు దినాల సంది నన్ను ఉత్తగనే ఉపాసముంచినవా?"

"అవునక్క."

వాళ్ళ తండా భాషలో నన్నేదో అంది. నాకు ఆ భాష రాదు, అయినా అంతా అర్థమైంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు తినొచ్చా?" అంది.

"తిను అక్క. కడుపునిండ తిను."

ఫోన్లోనే అన్నం గిన్నె మూత తీసిన చప్పుడు వినబడింది. నేను కౌంటర్ కింద కూర్చుని ఏడ్చాను.

పొద్దున తనిఖీ మేడం రిజిస్టర్ తెరవకముందే అంతా చెప్పేశాను. ముసలాయన సంగతి తప్ప... అది చెబితే నన్నే ఏదో దవాఖానకు పంపేవారు. సార్ ముఖం మాడిపోయింది. ల్యాబుకు రావలసిన ధ్రువపత్రం ఆగిపోయింది. నన్ను మాత్రం తీసేయలేదు. ఆ వారం వచ్చిన వాళ్ళందరికీ ఫోన్ చేసి తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి కదా.

మేడం వెళ్తూ రాయిని చూసింది. అవును, రాయి అక్కడే ఉంది. "ఇదేంటి?" అంది. జమునక్క చీపురు ఆపి, "ఎనుక తలుపుకు అడ్డం పెట్టే రాయి మేడం. ఎప్పటి సందో ఉన్నది" అంది.

రోజూ ఆ తలుపు గుండానే తిరుగుతాను. ఆ రాయిని నేనెన్నడూ చూడలేదు. ఆ రాత్రి ఆ తలుపు గడియ వేశానా... అదీ గుర్తులేదు. మిషన్ జ్ఞాపకంలో రెండు నూట నలభైలు ఉన్నాయి. ఒకటి సీసాది. ఇంకోదానికి పేరు లేదు. "నిద్రమత్తుల సీసనే రెండుసార్లు పెట్టినవ్ పో" అంటాడు సార్. కావచ్చు... అయితే మొదటి నూట నలభై వచ్చేటప్పటికి సీసా సీలు ఇంకా తీయనే లేదు కదా?

మిషన్‌ని సరిచేశాక జమునక్కను మళ్ళీ కూర్చోబెట్టాను. చేయి చాపింది. సూది చేతిలోకి తీసుకోగానే వెనక్కి లాక్కుంది.

"ఆగు. కాంటా చూసినవా?"

అప్పటికి ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.

"ఎవరు నేర్పిండ్రక్క గీ మాట?"

"గిది నేర్పాల్నా? వడ్లు అమ్మే ప్రతోనికి ఎరుకే."

ముందు సీసా పెట్టాను. తొంభై ఎనిమిది. తర్వాత ఆమెది. తొంభై నాలుగు. ఆ పూట టీలో ఎంత చక్కెర వేసిందంటే, ఆ ఒక్క టీతో మా అందరికీ నిజంగానే షుగర్ వచ్చేది.

ఇప్పటికీ కొన్ని పొద్దులు జనం కేకలేస్తుంటే నా చేయి సీసాను వదిలి పెన్ను వైపు పోతుంది. అప్పుడు వెనక నుంచి వడ్ల దుమ్ము వాసన వస్తుంది. జమునక్క ఊడుస్తున్న దుమ్మో... ఇంకేమిటో. నేను వెనక్కి తిరిగి చూడను. ఫ్రిజ్ తెరిచి సీసా తీస్తాను.